టీచరుగారి ఫొటోలో బొట్టు ఉంచాలా?

ప్రశ్న: మాది కోనసీమ. మా అమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు టీచరుగా పనిచేసి 2004లో రిటైరయ్యింది. పోయిన కార్తీకంలో కాలం చేసింది. సంవత్సరీకం నాటికి ఆమె గురించి చిన్న పుస్తకం వేద్దామని, ముగ్గురం కలిసి పోగుచేసిన మూడు లక్షలతో ఆమె పేరున ఏదైనా చేద్దామని అనుకున్నాం. అనుకున్న దగ్గర్నుంచీ గొడవలే. అమ్మకు రోజూ సుందరకాండ పారాయణ, ఏకాదశి ఉపవాసం, ఏటా అంతర్వేది కల్యాణం తప్పనిసరి. అందుకని పుస్తకమంతా భక్తి గురించే ఉండాలని, గుడి ముందు ఆర్చి కట్టించి ఆమె పేరు చెక్కించాలని అన్నయ్య అంటున్నాడు. అమెరికాలో ఉన్న తమ్ముడేమో పూజల ఊసే వద్దు, సైన్సు టీచరుగానే రాయాలి, స్కూలుకి పెద్ద టీవీ కొనిద్దాం అంటున్నాడు. నాన్న పోయాక కూడా అమ్మ బొట్టు తియ్యలేదు. అట్ట మీద వేసే ఫొటోలో ఆ బొట్టు చెరిపించమని మా మేనత్త పట్టుబట్టింది. ఆవిడ మాట అన్నయ్య కాదనలేకపోతున్నాడు. అమ్మ పాత పంచాంగాలు ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి, అంచుల్లో ఏవేవో రాసుకుంది. వాటిని గోదాట్లో కలిపేద్దామంటున్నారు. పుస్తకం రాయాల్సింది నేను. పెన్ను పట్టుకుంటే ఏడుపొస్తోంది గానీ వాక్యం రావడం లేదు. అమ్మ గురించి గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు కొన్ని పేజీలు, పంచాంగాల ఫొటోలు కొన్ని పంపుతున్నాను. ఏం చెయ్యమంటారు?
— ఒక కూతురు, అమలాపురం దగ్గర

సమాధానం:

అమ్మా, ముందు ఆ ట్రంకుపెట్టె సంగతి చూడండి. పుస్తకం రెండు నెలలు ఆలస్యమైతే కొంప మునగదు. పెట్టె గోదాట్లోకి పోతే మాత్రం తిరిగి రాదు.

పూజలో వాడి పాతబడిన పుస్తకాలను పారే నీళ్ళలో కలపడం మన దగ్గర ఉన్న ఆనవాయితీయే. మీ అన్నయ్యగారిది చెడ్డ ఉద్దేశం కాదు. కానీ మీరు పంపిన పేజీలు చూశాక నాకవి ఉత్త పంచాంగాలనిపించలేదు. 1986 ఆగస్టు పేజీ అంచున, సన్నటి అక్షరాలతో, రేవులో ఎన్ని మెట్లు మునిగాయో ఏ రోజుకారోజు రాసి ఉంది. పక్కన రేడియోలో చెప్పిన ధవళేశ్వరం నీటిమట్టం. ఆ ఏడాది వరద గురించి మన వైపు పెద్దవాళ్ళెవర్ని కదిపినా గంటసేపు చెబుతారు. తారీఖులతో సహా రాసిపెట్టుకున్నవాళ్ళు ఎంతమంది? ఇప్పటికీ వానాకాలంలో టీవీలో వింటుంటాం, ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు ఒకటో నంబరు ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది అని. బ్యారేజీ దగ్గర అన్ని అడుగులుంటే మన ఊరి రేవులో ఎన్నో మెట్టు దాకా వస్తుందో ఏ టీవీవాడూ చెప్పడు. మీ అమ్మగారు ఆ లెక్క కట్టుకున్నారు. వరదల రోజుల్లో లంకల్లోని పిల్లలు పడవ దాటి స్కూలుకి రావాలో మానాలో ఆ లెక్క చూసే కబురు పెట్టేవారని మీరే రాశారు.

ఇంకో పేజీ 1980 ఫిబ్రవరి 16ది. ఆ రోజు సూర్యగ్రహణం. సంపూర్ణ గ్రహణం తెలంగాణ మీదుగా పోయింది, మనకి కొంచెం తక్కువగా పట్టింది. ఆ మధ్యాహ్నం చాలా ఊళ్ళలో తలుపులు బిడాయించుకుని కూర్చున్నారు. మీ అమ్మగారు పట్టు స్నానం చేసొచ్చి, తడిజుట్టుతోనే అట్టముక్కకి గుండుసూదితో చిల్లుపెట్టి, వరండా గోడ మీద కొరికేసిన సూర్యుడిని నలుగురైదుగురు పిల్లలకి చూపించారు. గ్రహణం వదిలాక వెళ్ళి విడుపు స్నానం చేశారు. పంచాంగంలో అచ్చైన స్పర్శకాలం (గ్రహణం పట్టడం మొదలయ్యే వేళ) కింద గీత గీసి, తను చూసిన టైము పక్కన వేసుకున్నారు. అంతే. ఇది ఒప్పు, అది తప్పు అన్న మాట ఎక్కడా లేదు.

కాబట్టి ఆ పెట్టె తెరిచి, పుస్తకాల్ని ఎండలో కాకుండా నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టండి. మన డెల్టా చెమ్మకి కాగితం బతకడమే గొప్ప. చెద పట్టిన వాటిని మిగతావాటి నుంచి వేరు చెయ్యండి. పేజీ తర్వాత పేజీ ఫోన్లో ఫొటో తీసి, ఏ ఏటికాయేడు వేరే ఫోల్డర్లో పెట్టండి. ఈ పని పిల్లలకి అప్పగించొచ్చు, ఒక్కరి వల్ల అయ్యేది కాదు. కాలువలకు నీళ్ళు వదిలిన రోజు, వేసవిలో కట్టేసిన రోజు ఏటేటా రాసి ఉన్నాయన్నారు కదా, అవన్నీ ఒక పట్టికగా వేసి పుస్తకం చివర్లో ఇవ్వండి. రైతులు ముందు ఆ పేజీయే తిప్పుతారు, చూస్తూ ఉండండి. పెట్టెలో ఆవిడ చేతి రాత లేని స్తోత్రాల పుస్తకాలు కూడా ఉంటాయి. అన్నయ్యగారి మనసు కష్టపెట్టకుండా, వాటిని ఆయన చేతే రేవులో కలపమనండి.

ఇక భక్తా, సైన్సా అన్న తగువు. మీ అన్నదమ్ములిద్దరూ ఆవిడని గట్టు వేసి పొలం పంచుకున్నట్టు పంచుకుంటున్నారు. తూర్పు చెక్క ఒకరిది, పడమటి చెక్క ఇంకొకరిది. నాకు తెలిసి ఆవిడ జీవితంలో ఆ గట్టు లేదు. మీ పేజీల్లోంచే ఒకటి తీసి చూపిస్తాను.

శ్రావణ శుక్రవారం మర్నాడు, తాంబూలాల్లో వచ్చిన సున్నం ఒక డబ్బాలో పెట్టి స్కూలుకి పట్టుకెళ్ళేవారని రాశారు. గాజుగ్లాసులో నీళ్ళు, చిటికెడు పసుపు. అందులో వేలికొసతో కాస్త సున్నం. నీళ్ళు ఎర్రబడతాయి. మన ఇళ్ళలో దిష్టి తీసే ఎర్రనీళ్ళే. క్లాసంతా నవ్వు. ఆ ఎర్రనీళ్ళలో నిమ్మచెక్క పిండితే మళ్ళీ పసుపు రంగు. అప్పుడు బోర్డు మీద రాసేవారు, క్షారం, ఆమ్లం, సూచిక అని. మిగిలిన సున్నాన్ని నీళ్ళలో కలిపి, తేరిన తేటని వేరే గ్లాసులోకి వంచి, బొప్పాయి కాడతో ఒక పిల్లాడి చేత ఊదించేవారు. తేటనీళ్ళు తెల్లబడేవి. మన ఊపిరిలో బొగ్గుపులుసు వాయువు ఉందని పుస్తకం తెరవకుండానే తేలిపోయేది. ఒకసారి ఎవరో పిల్లాడు లేచి, "ఎర్రనీళ్ళతో దిష్టి నిజంగా పోద్దా టీచరుగారండీ?" అని అడిగితే, "పోద్దో లేదో ఇంటికెళ్ళి మీ అమ్మమ్మనడుగు. రంగెందుకు మారిందో నన్నడుగు" అన్నారట.

ఈ ముక్క రాయకుండా పుస్తకం వేస్తే దండగ. దీన్ని భక్తి అధ్యాయంలో వేస్తారా, సైన్సు అధ్యాయంలో వేస్తారా? అందుకే అధ్యాయాలే వద్దు. ఆవిడ ఒక్క రోజుని తెల్లవారుజామున పారాయణతో మొదలుపెట్టి సాయంత్రం దాకా రాయండి, అన్నీ వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. "ఒకవైపు భక్తురాలైనా మరోవైపు" అంటూ ఏ వాక్యమూ మొదలుపెట్టకండి. ఆ "అయినా" ఆవిడది కాదు, మనది.

తమ్ముడుగారికి మాత్రం ఒక సంగతి గుర్తుచెయ్యండి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. కట్టించిన ఆర్థర్ కాటన్ దొర ఇంజినీరు, తన మతంలో గట్టి నిష్ఠ ఉన్నవాడు. ఆయన్ని భగీరథుడితో సమానం చేసి శ్లోకం కట్టి, గోదావరి స్నానం చేసేటప్పుడు తలుచుకున్న పండితులున్నారు ఇక్కడ. కాలువల మీద లెక్కలు వేసినవాడి పేరుని మంత్రంలో కలుపుకున్న నేల మీద పుట్టి, అమ్మ పారాయణ చూసి సిగ్గుపడటం దేనికి?

అన్నయ్యగారికి కూడా ఒకటుంది. పుస్తకమంతా భక్తే ఉండాలంటే, గుడి కమిటీతో ఆవిడ పడ్డ తగాదా కూడా రాయాలి. పదో తరగతి పరీక్షలప్పుడు గుడి మైకు రాత్రి తొమ్మిదింటికల్లా ఆపాల్సిందేనని వెళ్ళి కూర్చున్నారు, ఆపేదాకా కదల్లేదు, అక్కడే మెట్ల మీద సహస్రనామం నోటితో చదువుకున్నారు. ఆయన ఈ సంగతి వద్దంటున్నారని రాశారు, కమిటీలో ఇప్పుడు తెలిసినవాళ్ళున్నారని. పేర్లు తీసెయ్యండి, సంగతి ఉంచండి. ఆవిడ భక్తికి అంతకన్నా సాక్ష్యం నాకైతే కనిపించలేదు.

రాయడం ఎలాగంటారు. మీరు ఒక్కరే కూర్చుని గుర్తు చేసుకుంటే ఏడుపే వస్తుంది, అది సహజం. అందుకని ముందు రాయకండి, అడగండి. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు మీ చుట్టుపక్కలే ఉంటారు, బస్టాండు దగ్గర మందుల షాపులో, సొసైటీ ఆఫీసులో, కొబ్బరి దింపు దగ్గర. "మా అమ్మ ఎలాంటిదండీ?" అని అడిగితే అందరూ ఒకటే చెబుతారు, దేవత అని, మృదుభాషి అని. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే ఆవిడ మృదుభాషి ఎంతమాత్రం కాదు! "మిమ్మల్ని ఎప్పుడు, దేనికి తిట్టారు?" అని అడిగి చూడండి. మనుషులు నవ్వుకుంటూ కథ మొదలుపెడతారు. ఫోన్లో రికార్డు చేసుకోండి. రాసేటప్పుడు వాళ్ళ యాస దిద్దకండి, "ఆయ్" అన్నచోట "ఆయ్" ఉంచండి.

భీమవరం గునుపూడి సోమేశ్వరుడి కథ మీకు అలాగే దొరికింది కదా. అక్కడి శివలింగం పున్నమికి తెల్లగా ఉంటుందని, అమావాస్యకి రంగు మారుతుందని అందరూ చెప్పుకుంటారు. అది నిజమా అని క్లాసులో అడిగిన కుర్రాడికి, నిజమనీ అబద్ధమనీ చెప్పకుండా, "ఒకే వేళకి, ఒకేచోట నుంచుని, పున్నమికీ అమావాస్యకీ చూసి రాసుకురా. ఆ రెండుసార్లూ లోపల ఏ దీపం వెలుగుతోందో అది కూడా రాయి" అన్నారట. ఆ కుర్రాడు నిజంగానే వెళ్ళాడని, ఇప్పుడు కాకినాడలో డాక్టరని రాశారు. ఏం రాసుకొచ్చాడో మాత్రం మీరు అడగలేదు. వెంటనే ఫోన్ చేసి కనుక్కోండి, నాక్కూడా ఆత్రంగా ఉంది.

1996 నవంబరు తుపాను తర్వాత ఆవిడ చేసినవి మీరు ఒక్క లైనులో తేల్చేశారు. నవంబరు 6 రాత్రి కోనసీమని ఆ గాలి ఏం చేసిందో మీ తమ్ముడుగారి పిల్లలకి తెలియదు. కొబ్బరిచెట్లు నేలకొరిగి, బావుల్లోకి మురుగు చేరినప్పుడు, బ్లీచింగ్ పౌడరు ఎంత కలపాలో పిల్లల చేత లెక్క కట్టించి ఇంటింటికీ తిప్పారంటే అది ఒక లైను సంగతి కాదు. అప్పుడు తిరిగిన పిల్లలకి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. వాళ్ళలో ఒక్కరిని పట్టుకోండి, ఆ మూడు పేజీలు వాళ్ళే రాయిస్తారు.

డబ్బు దగ్గరికి వద్దాం. ఆర్చి మీద పేరు చెక్కిస్తే మొదటి ఏడాది చదువుతారు, ఆ తర్వాత దాని కింద నుంచి బండి పోనిస్తారు. ఇంక స్కూలు టీవీ. అది చెడిపోయినప్పుడు బాగుచేయించడానికి ఎవరి జేబూ ఉండదు. నా మాట వింటే మూడు లక్షలూ ఖర్చు పెట్టకండి. బ్యాంకులో వేసి వడ్డీ వాడండి. ఆరున్నర శాతమే అనుకున్నా ఏడాదికి 19,500 వస్తుంది. దాన్ని ఏం చెయ్యాలో కూడా ఆవిడే చెప్పి వెళ్ళారు, మీరు గమనించలేదంతే. పరీక్షనాళిక పగిలితే స్టాకు రిజిస్టరులో ఎవరి నెత్తిన పడుతుందోనన్న భయంతో సామాన్లు బీరువాలో పెట్టి తాళం వేసే రోజుల్లో, ఆవిడ తన జీతంలోంచి కొత్తవి కొని తెచ్చి పిల్లల చేతికిచ్చేవారని రాశారు. ఆ పని ఆగకుండా చూడండి. ప్రతి జూన్‌లో ఆ స్కూలుకి పరీక్షనాళికలు, బీకర్లు, లిట్మస్ కాగితాలు, కటకాలు. పగలడానికే ఇస్తున్నామని హెడ్మాస్టరుగారికి ఒక ఉత్తరం కూడా రాసివ్వండి, టీచర్లకి టెన్షన్ తగ్గుతుంది. వడ్డీలో కొంత కార్తీకంలో గుడి దగ్గర అన్నదానానికి ఇస్తే అన్నయ్యగారికీ తృప్తి. ఆవిడ అక్కడ గరిటె పట్టుకుని వడ్డించినవారే కదా, అక్కడ ఆవిడ పరాయి కాదు.

మొదటి ఏడాది వడ్డీతో, ఇంకాస్త చేతి నుంచి వేసుకుని, చిన్న టెలిస్కోపు ఒకటి కొనండి. ఎందుకంటే 2027లో గోదావరి పుష్కరాలు. గురుడు సింహరాశిలో అడుగుపెట్టినప్పుడు మనకి పుష్కరం. ఆ గ్రహం సూర్యుణ్ణి ఒకసారి చుట్టిరావడానికి పన్నెండేళ్ళకి కాస్త తక్కువ పడుతుంది, లెక్క అక్కడి నుంచే వచ్చింది. 2015లో మొదటి రోజు రాజమండ్రి ఘాట్ దగ్గర తొక్కిసలాటలో అంతమంది పోయారు. ఆ మర్నాటి నుంచి మీ ఊరివాళ్ళని "అదే గోదావరి, మన రేవులోనూ అదే పుణ్యం" అని ఆపింది మీ అమ్మగారే. ఆ పన్నెండు రోజుల్లోనే ఒక సాయంత్రం, మబ్బు విడిచినప్పుడు, స్నానానికి వచ్చిన పిల్లల్ని రేవుగట్టు మీద నిలబెట్టి పడమర దిక్కున గురుణ్ణి, శుక్రుణ్ణి చూపించారు. అప్పటికి ఆవిడ రిటైరై పదేళ్ళు దాటింది. 2027లో కూడా ఆ రోజుల్లో గురుడు సాయంత్రాలు పడమరనే ఉంటాడు. వానమబ్బు దయతలిస్తే, ఆ చిన్న గొట్టంలోంచి గురుడి చుట్టూ నాలుగు ఉపగ్రహాలు చుక్కలుగా కనిపిస్తాయి. పుష్కర స్నానానికి వచ్చిన ముసలమ్మలకి కూడా చూపించమనండి, క్యూ కడతారు.

ఇక బొట్టు.

మీ మేనత్తగారిని నేను విలన్ని చెయ్యను. పోయింది ఆవిడ అన్నగారు. వదిన నుదుట బొట్టు చూసినప్పుడల్లా అన్నగారు లేని లోటుని ఇంట్లో ఎవరూ పట్టించుకోవడం లేదని ఆవిడకి అనిపించి ఉండొచ్చు. ఇన్నేళ్ళూ దిగమింగి, ఇప్పుడు వదిన లేదు కాబట్టి అడుగుతున్నారు. బాధ నిజమే. కానీ కోరిక తప్పు. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇన్నేళ్ళు గడిచాక, అదే గోదావరి పక్కన, చనిపోయిన మనిషి ముఖం మీద కంప్యూటరుతో బొట్టు చెరపడానికి మనం సిద్ధపడుతున్నాం! బతికున్నప్పుడు ఎవరి మాటకీ తియ్యని బొట్టు అది. ఒక వ్రతంలో తాంబూలం ఇవ్వకుండా ఆవిడని దాటుకుపోతే, లేచి వెళ్ళకుండా అక్కడే కూర్చుని, "పసుపు రంగు నాకు తెలిసినంత ఈ ఊళ్ళో ఎవరికీ తెలీదమ్మా, ఇవ్వండి" అని చెయ్యి చాచి తీసుకున్నారని రాశారు. అలాంటి మనిషి ఫొటోలో బొట్టు లేకపోతే ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు ఆనవాలు పట్టరు.

అట్ట మీద బొట్టుతోనే వెయ్యండి, ఇందులో బేరం లేదు. అయితే ఈ మాట మేనత్తగారికి అన్నయ్యగారి చేత చెప్పించకండి. ఆయన నీళ్ళు నమలుతారు, ఆవిడ ఇంకా బిగుసుకుంటారు. మీరే వెళ్ళండి. పుస్తకంలో మీ నాన్నగారికి ఒక పేజీ, వాళ్ళిద్దరూ కలిసి ఉన్న ఫొటోతో, పెట్టండి. ఆయన చిన్నప్పటి సంగతులు ఆవిడకి తప్ప ఇంకెవరికీ తెలియవు, కాబట్టి ఆ పేజీకి కావలసినవి ఆవిడనే అడగండి. ఒప్పుకుంటారనే నా నమ్మకం. ఒప్పుకోకపోయినా అట్ట మారదు.

పుస్తకం 48 పేజీలు దాటనివ్వకండి. ప్రూఫు ఇద్దరన్నదమ్ములకీ పంపండి, కానీ తప్పొప్పులు దిద్దడానికి మాత్రమే అని ముందే చెప్పండి. తిథి ప్రకారం ఇంట్లో కార్యక్రమం ఎలాగూ జరుగుతుంది. స్కూల్లో పుస్తకం పంచేది మాత్రం పిల్లలుండే రోజు చూసుకుని హెడ్మాస్టరుగారిని అడిగి పెట్టుకోండి. ఆ వారంలో వాళ్ళకి పరీక్షలుంటే మట్టుకు మైకు పెట్టించకండి.